స్వాలోఫీల్డ్ ఇల్లు: కొల్లూరు గని నుంచి కోఠీ దాకా

ఆంగ్ల నవలలు చదివే మా విద్యార్థులకు ‘మేనర్’ అన్న మాట తరచు ఎదురవుతుంది. నిఘంటువు తీస్తే ‘జమీందారు బంగళా’ అని ఉంటుంది. ఆ అర్థం తప్పని అనలేము గాని, దానితో పని పూర్తికాదు. మేనర్ అంటే మొదట ఇల్లు కాదు, భూమి. ప్రభువు సొంత సేద్యంలో ఉన్న పొలం, కౌలుదార్లకు ఇచ్చిన పొలం, అందరూ పశువులు మేపుకొనే బీడు, చిన్నచిన్న తగాదాలు తీర్చే ప్రభువు కచేరీ అన్నీ కలిపితే ఒక మేనర్. ఆ ప్రభువు కాపురముండే ఇల్లు మేనర్ హౌస్. కాలక్రమంలో కచేరీ పోయింది, హక్కులు పోయాయి. 1920లలో వచ్చిన చట్టాలతో పాత కౌలు పద్ధతి కూడా ముగిసింది. ఇల్లు మాత్రం మిగిలి, మాట దానికే అంటుకొనిపోయింది. మన ప్రాంతాల్లో 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, 1949 నాటి హైదరాబాదు జాగీర్ల రద్దు తరువాత కోటలూ గడీలూ మిగిలిపోయిన తీరును దీనితో పోల్చి చూడవచ్చు. ఒక భేదం మాత్రం ఉంది. ఇంగ్లండులో ఇటువంటి ఇళ్లు చేతులు మారినప్పుడల్లా, కొన్నవాడి సొమ్ము ఎక్కడిదని అడిగితే జవాబు తరచు సముద్రాల అవతల దొరుకుతుంది.

ఈ సంచికలో మేము అటువంటి ఒక ఇంటి చరిత్ర వివరించదలిచాము. దాని పేరు స్వాలోఫీల్డ్ పార్క్. ఇంగ్లండులోని బెర్క్‌షైర్‌లో, రెడింగ్ పట్టణానికి దక్షిణాన, లాడన్, బ్లాక్‌వాటర్ అనే రెండు చిన్న నదుల సమీపంలో ఉంది. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. నూరేళ్ల ఎడంతో ఈ ఇంటిని కొన్న రెండు కుటుంబాలకూ తెలుగు దేశంతో నేరుగా లావాదేవీ ఉంది. ఒకరిది వజ్రం, ఒకరిది ఉద్యోగం.

పాత కథ త్వరగా ముగిద్దాము. 1086లో ఇంగ్లండు భూములన్నిటినీ లెక్కించి రాసిన డూమ్స్‌డే గ్రంథంలో స్వాలోఫీల్డ్ పేరు ఉంది. మధ్యయుగాల్లో సెయింట్ జాన్ వంశీయుల చేతిలోనూ, ఆ తరువాత రాజకుటుంబం చేతిలోనూ ఉన్నది. 1582లో శామ్యూల్ బ్యాక్‌హౌస్ అనే లండను వర్తకుడు కొన్నాడు. ఆయన కొడుకుల్లో ఒకడైన విలియం బ్యాక్‌హౌస్ రసవాది, అంటే ఇనుమును బంగారం చేసే పరుసవేది కోసం జీవితమంతా వెతికినవాడు. వేమన గురించి మన పెద్దలు చెప్పే కథల్లో ఇటువంటి మనుషులు కనిపిస్తారు. ఈ విలియం, ఎలియాస్ ఆష్మోల్ అనే యువ పండితుణ్ణి 1651లో కొడుకుగా స్వీకరించి, 1653లో జబ్బుపడి ఇక బతకననుకొన్నప్పుడు పరుసవేది రహస్యం చెప్పాడట. చెప్పిన తరువాత మరి తొమ్మిదేళ్లు బతికాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం పేరు ఈ ఆష్మోల్‌దే.

విలియం కూతురు పేరు ఫ్లవర్, అచ్చంగా మన పుష్ప. ఆమె మూడవ వివాహం 1670లో హెన్రీ హైడ్‌తో జరిగింది. ఈయనే తరువాత క్లారెండన్ రెండవ ఎర్ల్ అయ్యాడు. రెండవ జేమ్స్ రాజుకు స్వయానా బావమరిది. 1688లో జేమ్స్ సింహాసనం పోగొట్టుకొన్నప్పుడు క్లారెండన్ కొత్త రాజుకు విధేయత ప్రకటించడానికి నిరాకరించాడు. 1690లో లండను టవరు జైల్లో ఉన్నాడు. ఇక్కడి విశేషం ఏమంటే, పాత ఇల్లు తీసేసి విలియం టాల్మన్ అనే వాస్తుశిల్పి చేత కొత్త ఇల్లు కట్టించినది సరిగ్గా ఆ రోజుల్లోనే, 1689 - 1691 మధ్య. ఈనాడు నిలబడి ఉన్న ఇంటికి మూలం అదే. క్లారెండన్ 1709లో మరణించాడు. కొడుకు దాన్ని నిలుపుకోలేక అమ్మేశాడు. కొన్నవాడు థామస్ పిట్.

మా విద్యార్థుల్లో తమిళనాడువారు పిట్ పేరు విని ఉంటారు. 1698 నుంచి 1709 దాకా చెన్నపట్నంలో సెయింట్ జార్జి కోట గవర్నరు ఇతడే. 1653లో డోర్సెట్‌లోని బ్లాండ్‌ఫర్డ్‌లో ఒక చర్చి పూజారికి పుట్టాడు. యౌవనంలో ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా బెంగాల్ తీరంలో వ్యాపారం చేసి కంపెనీకి కంట్లో నలుసయ్యాడు. ఎన్నిసార్లు అడ్డుకొన్నా ఆగనివాణ్ణి చివరికి కంపెనీయే గవర్నరుగా నియమించింది. 1702లో కర్ణాటక నవాబు దావూద్‌ఖాను కోటను దిగ్బంధిస్తే నెలల తరబడి తట్టుకొని నిలిచాడు. 1707లో పట్నంలో కుడిచేతి కులాలకూ ఎడమచేతి కులాలకూ వీధుల విషయమై పెద్ద తగాదా వచ్చింది. ఆ తగాదాలో కోమట్లు, బలిజలు ఒక పక్షాన ఉన్నారు. చెన్నపట్నపు తెలుగువారి సాంఘిక చరిత్ర రాసేవారికి ఆ ఏడాది కోట రికార్డులు తప్పనిసరి. అయితే పిట్ పేరును నిలబెట్టినది ఇవేవీ కావు. ఒక రాయి.

1701 చివరలో జామ్‌చంద్ అనే వజ్రాల వర్తకుడు ఒక ముడి వజ్రం పట్టుకొని పిట్ దగ్గరకు వచ్చాడు. బరువు 410 కారట్లు. మొదట 2 లక్షల వరహాలు అడిగాడు. నెలల పాటు బేరం సాగింది. వస్తాడు, పోతాడు, మళ్లీ వస్తాడు. చివరకు 48,000 వరహాలకు కుదిరింది. వరహాకు ఎనిమిదిన్నర షిల్లింగుల లెక్కన ఇది 20,400 పౌన్లు. 1702లో పిట్ పెద్దకొడుకు రాబర్టు దాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. అక్కడ రెండేళ్లు సానపట్టారు. ఖర్చు 5,000 పౌన్లు. మిగిలిన వజ్రం బరువు సుమారు 140 కారట్లు. అంటే మూడింట రెండు వంతులు చెక్కులో పోయింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి, ఓర్లియాన్ ప్రభువు ఫిలిప్ దాన్ని 135,000 పౌన్లకు కొన్నాడు. పెట్టిన దానికి అయిదింతలకు మించి రాబడి. అప్పటి నుంచి దానికి రీజెంట్ వజ్రమని పేరు. (యానాం పాఠకుల కోసం ఒక మాట: ఈ ఫిలిప్ మరణించినది 1723లో. ఫ్రెంచివారు యానాంలో స్థిరపడిన సంవత్సరంగా చెప్పుకొనేదీ అదే.)

ఆ రాయి ఎక్కడిది? కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిదని చాలామంది, పరిటాలదని కొందరు రాశారు. రెండూ తెలుగు నేలే. గోల్కొండ వజ్రాలని లోకమంతా అంటుంది గాని గోల్కొండలో గని లేదు, అక్కడ ఉన్నది అంగడి మాత్రమే అని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే పదిహేడో శతాబ్దం మధ్యలో కొల్లూరు చూసి, ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ అంకె ఎంతవరకు నమ్మవచ్చునో చెప్పలేము. కాని మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారన్న వర్ణన చూసి రాసినదే.

ఈ వజ్రానికి ఒక కథ అంటుకొంది. గనిలో ఒక కూలివాడు దాన్ని దొరకబుచ్చుకొని, కాలి పిక్కను కోసి ఆ గాయంలో దాచి, కట్టు కట్టుకొని తీరానికి పారిపోయాడట. ఓడ కప్తాను ఒకడు సాయం చేస్తానని రాయి తీసుకొని అతన్ని సముద్రంలో తోసేశాడట. ఇది రుజువు లేని కథ. పిట్ కాలంలోనే ఇంగ్లండులో మరో వదంతి పుట్టింది, గవర్నరు దాన్ని బలవంతంగా లాక్కొన్నాడని. దాన్ని ఖండిస్తూ పిట్ 1710లో స్వదేశానికి వెళ్తూ నార్వేలోని బెర్గెన్ రేవులో కూర్చొని ఒక వాఙ్మూలం రాశాడు. పైన మేము చెప్పిన బేరం వివరాలు అందులోవే. కొన్నవాడు తన నిర్దోషిత్వం కోసం రాసుకొన్న కాగితం అది. జామ్‌చంద్ వైపు కాగితం మనకు లేదు. గని కూలివాడి వైపు కాగితం ఉండే ప్రశ్నే లేదు, అందుకే అతని పక్షాన కథ పుట్టిందని మా అభిప్రాయం.

వజ్రం సొమ్ముతో పిట్ ఇంగ్లండులో భూములు విరివిగా కొన్నాడు. కార్న్‌వాల్‌లోని బొకానక్ ఒకటి, స్వాలోఫీల్డ్ ఒకటి. అంతకు ముందే ఓల్డ్ సేరమ్ అనే ఊరు కొని ఉన్నాడు. ఊరంటే ఊరు కాదు. జనం పోయిన పాత దిబ్బ, కాని పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపే హక్కు మిగిలి ఉంది. భూమి ఎవరిదో సభ్యులు వారివారు. 1735లో పిట్ మనుమడు విలియం పిట్ పార్లమెంటులో అడుగుపెట్టినది ఆ దిబ్బ తరఫునే. ఆయనా, ఆయన కొడుకు చిన్న విలియం పిట్టూ ఇద్దరూ ప్రభుత్వాధినేతలయ్యారు. ఈస్టిండియా కంపెనీని ప్రభుత్వ అదుపులోకి తెచ్చిన 1784 నాటి చట్టాన్ని మన పాఠ్యపుస్తకాలు పిట్స్ ఇండియా చట్టమంటాయి. దాన్ని తెచ్చినవాడు వజ్రం పిట్‌కు మునిమనుమడు. పరీక్షకు చదివేటప్పుడు ఆ చట్టాన్నీ కొల్లూరు గనినీ ఎవరూ ఒక పేజీలో చూపరు.

థామస్ పిట్ 1726 ఏప్రిల్ 28న స్వాలోఫీల్డ్ ఇంట్లోనే మరణించాడు. 1737లో ఆ ఇల్లు పిట్ వంశం చేయి దాటింది. తరువాతి ఎనభై ఏళ్లలో ముగ్గురు నలుగురి చేతుల్లో తిరిగింది. వారి సంగతులు మనకు అవసరం లేదు.

1820లో రసెల్ కుటుంబం కొన్నది. తండ్రి సర్ హెన్రీ రసెల్ కలకత్తా సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి వెళ్లినవాడు. కొడుకు పేరూ హెన్రీయే. ఇతడు 1811 నుంచి 1820 దాకా హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంట్. ఈనాటి హైదరాబాదులో కోఠీ అని పిలిచే పేటకు ఆ పేరు తెచ్చిన కోఠీ రెసిడెన్సీ భవనమే. 1949 నుంచి అక్కడ మహిళా కళాశాల నడిచింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ భవనం కట్టించినది రసెల్ కాదు, అంతకు ముందు రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్. గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్; పేరు కలిసింది గాని స్వాలోఫీల్డ్ రసెళ్లకు బంధువు కాడు. ఈ రెండు పేర్లూ తారుమారు చేసిన పుస్తకాలు మేము చూశాము.

హెన్రీ రసెల్ హయాంలో నిజాము ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల కింద ఒక సేన ఏర్పడింది. దాన్ని రసెల్ బ్రిగేడ్ అన్నారు. తరువాత హైదరాబాదు కంటింజెంట్‌గా పెరిగినది అదే. దాని జీతాలకు మంత్రి చందూలాల్ అప్పులు చేశాడు. అప్పులు ఇచ్చినది హైదరాబాదులోని విలియం పామర్ కొఠీ, వడ్డీ నూటికి ఇరవై నాలుగు దాకా. రెసిడెన్సీకీ ఆ కొఠీకీ ఉన్న పొత్తు మీద లండనులో పెద్ద దుమారం లేచింది. ఆ చర్చల్లో రసెల్ పేరు పదేపదే వచ్చింది. ఆయన ఆరోపణలను ఖండించాడు. 1820లో రెసిడెంట్‌గా వచ్చిన మెట్కాఫ్ ఆ కొఠీని అదుపు చేశాడు. 1823లో నిజాము అప్పు తీర్చడానికి ఒక ఏర్పాటు జరిగింది. ఉత్తర సర్కారుల కోసం కంపెనీ నిజాముకు ఏటా 7 లక్షల రూపాయలు పేష్కష్ ఇచ్చేది. కోటికి పైబడిన మొత్తాన్ని ఒకేసారి ఇచ్చి ఆ హక్కును శాశ్వతంగా కంపెనీ తీసుకొన్నది, ఆ సొమ్ము పామర్ బాకీకి పోయింది. గంజాం, బరంపురం వైపు విద్యార్థులు ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోవాలి. ఉత్తర సర్కారుల మీద నిజాముకు మిగిలిన చివరి హక్కు హైదరాబాదులో ఒక వడ్డీ కొఠీ ఖాతాలో ముగిసింది.

రసెల్ కుటుంబం స్వాలోఫీల్డ్ ఇంటిని విలియం అట్కిన్‌సన్ చేత కొత్తగా తీర్పించింది. 1836లో తండ్రి మరణించాక కొడుకు ఇంటికి యజమాని అయ్యాడు. ఆ ఇంటి గోడ మీద ఒక పటం వేలాడుతుండేది. హైదరాబాదు దర్బారు దుస్తుల్లో ఉన్న ఇద్దరు పిల్లలు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అది అక్కడికి ఎలా చేరిందో చెప్పాలి.

పిల్లలు కర్క్‌పాట్రిక్ సంతానం. తల్లి హైదరాబాదు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసా. అబ్బాయి 1801లో, అమ్మాయి 1802లో పుట్టారు. అమ్మాయి పేరు నూరున్నిసా. 1805లో తండ్రి ఇద్దరినీ చదువు కోసం ఇంగ్లండు పంపాడు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జి చినరీ అనే చిత్రకారుడు వారి బొమ్మ గీశాడు. అదే ఏడాది అక్టోబరులో కర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. పిల్లలకు కేథరిన్, విలియం అన్న పేర్లు పెట్టి తండ్రి బంధువులు పెంచారు. తల్లి వారిని మళ్లీ చూడలేదు. పటం మాత్రం ఆమె దగ్గరకు వచ్చింది.

అప్పుడు హెన్రీ రసెల్ కర్క్‌పాట్రిక్ వద్ద పనిచేసిన కుర్ర అధికారి. భర్త సమాధి చూడడానికి కలకత్తా వెళ్లిన ఖైరున్నిసాతో అతనికి సంబంధం ఏర్పడింది. సంగతి హైదరాబాదుకు తెలిసి, మంత్రి మీర్ ఆలం ఆమెను నగరంలోకి రానివ్వలేదు. ఆమె తల్లితో కలిసి మచిలీపట్నంలో ఉండిపోయింది. రసెల్ మద్రాసు వెళ్లాడు. 1808లో అక్కడి కాసమేజర్ కుటుంబపు అమ్మాయిని పెళ్లి చేసుకొన్నాడు. ఆ అమ్మాయి కొద్ది నెలలకే చనిపోయింది. 1816లో మొత్తే అనే ఫ్రెంచి కుటుంబపు క్లోటిల్డ్‌ను చేసుకొన్నాడు. స్వాలోఫీల్డ్ యజమానురాలు ఈమెయే. ఖైరున్నిసా కొన్నేళ్ల తరువాత హైదరాబాదుకు తిరిగి వచ్చి, 1813లో రెసిడెన్సీ ఆవరణలో కన్నుమూసింది. ముప్ఫై ఏళ్లు నిండలేదు. అప్పుడు అక్కడి రెసిడెంట్ రసెలే.

ఈ భాగం రాయడానికి మేము కొంత తటపటాయించాము. వ్యక్తుల సొంత విషయాలు మన సంచికకు అవసరమా అని. అయితే మచిలీపట్నం గురించి మనం రాసేటప్పుడు కలంకారీ, ఓడరేవు, డచ్చి సమాధులు అన్నీ చెబుతాము. అక్కడ ఇల్లు కదలకుండా ఉత్తరం కోసం ఎదురుచూసిన ఈ స్త్రీని చెప్పము. పైగా ఆమె గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆమెను వదిలేసినవాడు దాచుకొన్న కాగితాల వల్లనే. రసెల్ ఉత్తరాలు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. విలియం డాల్రింపుల్ 2002లో వెలువరించిన ‘వైట్ మొఘల్స్’ పుస్తకానికి ఒక ముఖ్య ఆధారం అవే.

అమ్మాయి కేథరిన్‌ను అందరూ కిట్టీ అనేవారు. ఆమె బంధువుల పిల్లలకు చదువు చెప్పిన థామస్ కార్లైల్ ఆమెను మరువలేదు. ఆయన ‘సార్టర్ రెసార్టస్’లోని బ్లూమిన్ పాత్రకు మూలం కిట్టీయే అంటారు. అన్న 1828లో పోయాడు. 1829లో ఆమె కెప్టెన్ ఫిలిప్స్‌ను పెళ్లాడింది. 1840ల మొదట్లో రెడింగ్ ప్రాంతంలో స్నేహితుల ఇంటికి వచ్చినప్పుడు ఆమెను స్వాలోఫీల్డ్ చూపించడానికి తీసుకువెళ్లారు. గోడ మీద తననూ అన్ననూ చూసుకొన్నది. మూడేళ్ల వయసులో వేసిన బొమ్మ. అక్కడే ఏడ్చేసింది.

ఆ తరువాత ఆమె రసెల్‌కు రాసింది. అతని ద్వారా, అమ్మమ్మ షరఫున్నిసా హైదరాబాదులో ఇంకా బతికే ఉందని తెలిసింది. మూడున్నర దశాబ్దాల మౌనం తరువాత ఇద్దరి మధ్య ఉత్తరాలు మొదలయ్యాయి. ఇటు నుంచి ఫార్సీ, అటు నుంచి ఇంగ్లీషు. మనుమరాలికి చిన్ననాటి భాష పూర్తిగా పోయింది. రెసిడెన్సీలో ఎవరో తర్జుమా చేసి వినిపించాలి. 1847లో షరఫున్నిసా మరణించేదాకా అలాగే సాగింది. ఒకరినొకరు చూసుకోలేదు. రసెల్ 1852లో పోతూ ఆ పటాన్ని కిట్టీకి రాసి ఇచ్చాడు. ఆమె 1889లో మరణించింది. పటం ఎన్నో చేతులు మారి హాంకాంగ్‌లోని ఒక పెద్ద బ్యాంకు సొత్తయింది.

ఇంటి తక్కిన కథ సాధారణమే. మూడవ బ్యారొనెట్ చార్లెస్ రసెల్ 1854లో ఇంకర్‌మన్ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందాడు. రచయిత్రి మేరీ రసెల్ మిట్‌ఫర్డ్ చివరి రోజులు స్వాలోఫీల్డ్ ఊళ్లోనే గడిపి 1855లో మరణించింది. ఇంటిపేరు వల్ల చుట్టమనుకొంటారు గాని ఆమెది వేరే కుటుంబం. నాలుగవ బ్యారొనెట్ భార్య కాన్‌స్టన్స్ రసెల్ 1901లో ఈ ఇంటి యజమానుల చరిత్రను పెద్ద పుస్తకంగా రాసింది. 1960లలో రసెళ్లు వదులుకొన్న తరువాత ఆ భవనాన్ని ఫ్లాట్లుగా విడగొట్టారు. లండను విశ్వవిద్యాలయ కళాశాల చరిత్రకారులు కంపెనీ సొమ్ముతో ముడిపడిన ఇళ్ల మీద చేసిన పరిశోధనలో స్వాలోఫీల్డ్ మీద ఒక అధ్యాయం ఉంది. ఆ పరిశోధన గ్రంథం 2018లో వచ్చింది.

రీజెంట్ వజ్రం 1887 నుంచి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సొత్తు. 2025 అక్టోబరు 19న అక్కడ నగల దొంగతనం జరిగినప్పుడు అదే గదిలో ఉన్నా దొంగలు దాని జోలికి పోలేదు. కొల్లూరు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

విద్యార్థులకు పనికివచ్చే ఒక సూచన. పిట్ కాలం నాటి సెయింట్ జార్జి కోట దినచర్యలూ, సంప్రదింపుల పుస్తకాలూ అచ్చయి ఉన్నాయి. మూల ప్రతులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో చూడవచ్చు. వాటిలో ‘తెలుగు’ అన్న మాట కోసం వెతికితే దాదాపు ఏమీ దొరకదు. ‘జెంటూ’ అన్న మాట చూడండి. పోర్చుగీసు నుంచి వచ్చిన ఆ మాటను కోటవారు కొన్నిచోట్ల హిందువులందరికీ, ఎక్కువచోట్ల తెలుగువారికీ తెలుగు భాషకూ వాడారు. ఏ చోట ఏ అర్థమో ప్రతిసారీ సందర్భం చూసి తేల్చుకోవలసిందే.